తెరుచుకోని కత్తెర

మొదట నేను అనుమానించింది కత్తెరను.

జూన్ నెల, బళ్ళు తెరిచిన రోజులు. పద్మారావు నగర్‌లోని మా టైలరింగ్ షాపు వెనక గదిలో, కటింగ్ బల్ల మీద రాజేశ్వరి టీచర్ నీలం జాకెట్టు గుడ్డ పరిచి చంక దగ్గర కత్తిరిస్తున్నాను. కత్తెర మూసుకుంది. మళ్ళీ తెరుచుకోలేదు. ఎడమచేత్తో లాగితే తెరుచుకుంది. కుడిచేత్తో ఒక్క కోత పడగానే మళ్ళీ బిగుసుకుపోయింది. మిషను నూనె వేశాను. గుడ్డతో తుడిచాను. ఇన్నేళ్ళు బుద్ధిగా పని చేసిన కత్తెరకి ఇప్పుడేం రోగమొచ్చిందని తిట్టుకుంటూ, సాన పట్టే అతను వీధిలోకి రాగానే పట్టుకెళ్ళి ఇచ్చాను. అతను నిప్పులు రాలేలా పట్టి ఇచ్చాడు. బల్ల దగ్గరికి తెచ్చి గుడ్డ మీద పెట్టాను. అదే తంతు.

ముందు గదిలో మిషను మీదున్న మా తోడికోడలు విజయ లేచి వచ్చింది. నా చేతిలోంచి కత్తెర తీసుకుని గాలిలో టకటకా ఆడించింది.

"కత్తెరకేం గాలేదక్కా. నీ చెయ్యికే ఏమో అయింది," అంది.

నా చెయ్యి నేను చూసుకున్నాను. నొప్పి లేదు. వాపు లేదు. బొటనవేలు ముడవమంటే ముడుచుకుంటోంది, చూపుడు వేలిని తాకమంటే తాకుతోంది, సూది ఇస్తే పట్టుకుంటోంది. పైకి లెమ్మంటే మాత్రం లేవడం లేదు. బల్ల మీద అరచెయ్యి పెట్టి ఒక్కొక్క వేలే ఎత్తి చూశాను. నాలుగూ లేచాయి. బొటనవేలు మాత్రం బల్లకి అంటుకునే ఉంది.

కత్తెర మూయడం అందరికీ కనిపించే పని. తెరవడం కూడా ఒక పని అనీ, దాన్ని బొటనవేలు పైకి లేచి చేస్తుందనీ నాకు ఆ రోజు దాకా తెలియదు. పెళ్ళయిన కొత్తలోనే కటింగ్ నేర్చుకున్న మనిషిని, తెలియదంటే సిగ్గుగానే ఉంటుంది.

మా సంగతి కొంచెం చెప్పాలి. మా మామగారు రైల్వే ఉద్యోగం మీద కోస్తా నుంచి వచ్చి చిలకలగూడలో స్థిరపడ్డారు. మేం ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంటాం. మా ఆయనది ఆఫీసు ఉద్యోగం. మా మరిది భార్య విజయ సికింద్రాబాద్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. షాపు మా ఇద్దరిది. కటింగ్ నాది, కుట్టడం ఆమెది. వెనక గదిలో నేను, ముందు గదిలో మిషను మీద ఆమె, మధ్యలో తలుపు లేని గుమ్మం. మిషను చప్పుడు, రోడ్డు మీద బస్సుల హారన్లు కలిసి ఒకరి మాట ఒకరికి వినబడదు. అందుకని చేతి సైగలు పెట్టుకున్నాం. ఆమె జాకెట్టు పైకెత్తి కనుబొమ్మలు ఎగరేస్తుంది. నేను చూపుడు వేలు నిలబెడితే లోపల ఒక ఇంచు లూజు వదలాలి. ఆ వేలే సగం వంచితే అర ఇంచు. బొటనవేలు ఎత్తితే గీసిన గీత మీదే కుట్టేయమని. అరచెయ్యి చూపిస్తే ఆపమని. ఈ సైగలతో మేం ఎన్ని జాకెట్లు కుట్టామో లెక్క లేదు.

ఈస్టర్‌కి ముందు ఇంటి మెట్ల మీద జారి కుడిచెయ్యి ఆనించి పడ్డాను. మణికట్టు దగ్గర సన్న పగులు. కట్టు కట్టారు, కొన్ని వారాల తర్వాత విప్పారు, ఎముక అతికిందన్నారు. అది అయిపోయిన కథ అనుకున్నాను. ఎప్పుడో మెట్ల మీద పడ్డదానికీ, ఇప్పుడు బొటనవేలు లేవకపోవడానికీ సంబంధం ఉంటుందని ఎవరికి తడుతుంది?

మా ఆయన చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశారు.

"నొప్పి లేదంటున్నావుగా. మరింకేంటి?"

"నొప్పి లేకపోవడమే నాకు అర్థం కావట్లేదండి."

"నొప్పి లేనందుకు దేవునికి స్తోత్రం చెప్పుకోవాలి గానీ, కంగారెందుకు?"

మందుల షాపులో నరాల బలహీనత అన్నారు, బిళ్ళలు ఇచ్చారు. వేసుకున్నాను. చర్చిలో స్త్రీల కూటం వాళ్ళు నా కోసం ప్రార్థన చేస్తామన్నారు. "ఏ బాధ గురించి చెయ్యమంటావు సుగుణా?" అని పెద్దావిడ అడిగారు. బాధేమీ లేదన్నాను. మరి దేని గురించి అన్నారు. బొటనవేలు లేవడం లేదన్నాను. ఆవిడ కాసేపు నా ముఖం వంక చూసి, పక్కావిడ ముఖం వంక చూసి, కళ్ళు మూసుకున్నారు. ఆ ప్రార్థనలో నా కుటుంబం, నా షాపు, ఈ దేశం అన్నీ వచ్చాయి గానీ బొటనవేలు మాత్రం రాలేదు. ఇంత చిన్న దాని గురించి ఎలా అడగాలో వాళ్ళకి తెలియలేదు. నిజానికి నాకూ తెలియలేదు.

జూలై

చేతుల డాక్టరంటూ విడిగా ఉంటారని రాజేశ్వరి టీచర్ చెబితే తెలిసింది. ఆస్పత్రిలో కూర్చున్నంతసేపూ చుట్టూ కట్లతో, కర్రలతో ఉన్నవాళ్ళను చూస్తుంటే నాకు దొంగలా అనిపించింది. నాకేమైందని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? దాహం వేసి నీళ్ళ బాటిల్ తీశాను. మూత చుట్టూ వేళ్ళు వెయ్యాలంటే ముందు చెయ్యి విప్పారాలి. బొటనవేలు లోపలికే వాలి ఉంది. రెండుసార్లు ప్రయత్నించి ఒళ్ళో పెట్టుకున్నాను. పక్కన బురఖాలో ఉన్న ఒకామె ఏమీ అడక్కుండా బాటిల్ తీసుకుని మూత తిప్పి ఇచ్చింది.

"నొస్తుందా అమ్మా?"

"లేదమ్మా. నొప్పి లేదు. వేలు మాట వినట్లేదు."

"గదే పరేషాన్. నొస్తే అందరు నమ్ముతరు," అంది ఆమె.

నమ్మింది అనుకున్నాను. ఇన్ని రోజుల్లో నా మాట నమ్మిన మొదటి మనిషి ఆమే. ఆమె పేరు కూడా నేను అడగలేదు.

డాక్టరు పెద్దాయన. అరచెయ్యి బల్ల మీద పెట్టించి, బొటనవేలు ఎత్తమన్నారు. ఎత్తలేదు. మణికట్టు పక్కన వేలితో తడిమి చూసి, తెగిపోయిందమ్మా అన్నారు.

"ఏది?"

"బొటనవేలిని పైకి లాగే టెండాన్. తాడు అనుకోండి."

"నరమా?"

"నరం కాదు. నరం కబురు మోస్తుంది. ఇది బరువు లాగుతుంది. మీ కబురు బాగానే వెళ్తోంది, తాడే లేదు."

ఆయన నా ముంజేతి మీద వేలు పెట్టి చూపించారు. బొటనవేలిని లేపే కండ బొటనవేలి దగ్గర లేదట, ముంజేతిలో ఉందట. అక్కడ నుంచి సన్నటి తాడు బయలుదేరి, మణికట్టు వెనక చిన్న ఎముక గుబ్బను చుట్టి, మలుపు తిరిగి వేలి కొసకి చేరుతుందట. పగులు సన్నదే అయినా ఆ మలుపు దగ్గర లోపల వాచి, దారి ఇరుకై, తాడు ఒరుసుకుని ఒరుసుకుని ఒక రోజు తెగిందట. ఎముక అతికిన చాలా రోజులకి ఇలా జరుగుతుందట, కొందరికి నొప్పి కూడా తెలియదట. లంగా బొందు కూడా అంతే, మధ్యలో తెగదు, బయటికి వచ్చే కంత దగ్గరే అరిగి తెగుతుంది. అప్పుడు కొంచెం అర్థమైంది.

"అయితే కుట్టెయ్యండి డాక్టర్‌గారూ," అన్నాను.

"చివర్లు పీచులైపోయి ఉంటాయి. పాతది కుట్టలేం. చూపుడు వేలిని ఎత్తడానికి రెండు టెండాన్లు ఉంటాయి. ఒకటి తెచ్చి బొటనవేలికి కలుపుతాం."

"మరి చూపుడు వేలు?"

"ఇంకొకటి ఉందిగా. పని నడుస్తుంది."

"ఒకటి అక్కర్లేనప్పుడు రెండెందుకు పెట్టినట్టు?"

ఆయన నవ్వారు. నా కేసు కాగితంలో టైలర్ అని రాసి ఉంది. "జాకెట్టు లోపల వదిలే మార్జిన్ అనుకోండి," అన్నారు.

అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత ఆయన చెప్పిందే నన్ను నెలల తరబడి తికమక పెట్టింది. కలిపాక బొటనవేలు ఎత్తాలంటే బొటనవేలు ఎత్తాలని అనుకోకూడదట. చూపుడు వేలు ఎత్తాలని అనుకోవాలట. కొత్త తాడును లాగేది చూపుడు వేలి కండ కదా, దానికి తన కొత్త యజమాని ఎవరో తెలియదట. ఇంటికి వచ్చేదాకా ఆటోలో నేను ముంజేయి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే కదుపుతూ కూర్చున్నాను. చర్మం కింద ఏవేవో పాకుతున్నాయి. ఏది ఏ వేలిదో నాకు తెలియలేదు. నా చెయ్యి నాకే కొత్తగా అనిపించింది, భయం వేసింది.

సికింద్రాబాద్‌లో బోనాల సందడి మొదలైన రోజుల్లో ఆపరేషన్ అయింది. రోడ్లు మూసేశారు. ఆటో సగం దూరంలోనే దింపేస్తే డప్పుల మధ్య నడుచుకుంటూ ఆస్పత్రికి వెళ్ళాం. మా ఆయన నా ఎడమచెయ్యి పట్టుకున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో రోడ్డు మీద ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. ఆయన చెయ్యి చెమటలు పట్టి ఉంది.

ఆగస్టు

బొటనవేలు నిటారుగా పైకి ఉండేట్టు పట్టీ వేశారు. లేవనన్న వేలు ఇప్పుడు పగలూ రాత్రీ లేచే ఉంది. నన్ను చూసినవాళ్ళంతా ముందు నవ్వి, తర్వాత కట్టు చూసి నాలుక కరుచుకునేవారు. రోడ్డు పక్కన నిలబడితే పిలవని ఆటోలు ఆగేవి.

శ్రావణ మాసం వచ్చింది. జాకెట్లకి అదే పెద్ద సీజను. ఇంట్లో కూర్చోలేక ఒక మధ్యాహ్నం షాపుకి వెళ్ళాను. వెనక గదిలో నా బల్ల దగ్గర విజయ నిలబడి ఉంది. చేతిలో నా కత్తెర. గుడ్డ మీద ఆమె గీసిన సుద్ద గీతలు. ఎవరైనా బయటి కటింగ్ మాస్టరుకి ఇస్తుందనుకున్నాను గానీ, ఆమే కత్తిరిస్తుందని నేను అనుకోలేదు.

"చెప్పలేదేం విజయా?"

"ఏం జేయమంటవక్కా? గుడ్డలు వాపస్ ఇయ్యాల్నా? నువ్వు జేసేది చూసి చూసి నాకు సుత జెర వస్తది. తప్పు పోతే చెప్పు."

గీతలు చూశాను. తప్పు లేదు. అది ఇంకా బాధనిపించింది. తప్పులుంటే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను, అలా అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. పగలంతా కుట్టి, మధ్యలో కత్తిరించి ఆమె కళ్ళ కింద నల్లగా అయింది. ఆమె మా షాపును నిలబెడుతోంది. నాకు సంతోషం కలగాలి. ఏడుపొచ్చింది. కత్తెర పట్టలేకపోతే ఆ షాపులో నేనెవరిని? గుడ్డలు మడతపెట్టడానికా? కొలతలు అడగడానికా? ఈ మాట ఆమెతో అనలేదు. మా ఆయనతో అన్నాను. నువ్వు ఓనరువు కదా అన్నారు ఆయన. మగవాళ్ళకి కొన్ని చెప్పినా తెలియవు.

సెప్టెంబరు

పట్టీ తీసేశాక వ్యాయామాలు షురూ అయ్యాయి. నేర్పే అమ్మాయి పేరు మౌనిక, పేరు అలా ఉంది గానీ ఒక్క క్షణం మౌనంగా ఉండదు.

"మేడం, బొటనవేలిని మర్చిపోండి. నన్ను చూపించండి. వేలు పెట్టి చూపించాలి."

నేను చెయ్యి చాపాను. మొత్తం చెయ్యి, వేళ్ళన్నీ కలిపి.

"అట్ల కాదు మేడం. ఒక్క వేలే. చెయ్యి మొత్తం చాపితే వేరే తాళ్ళు పని చేస్తాయి. మీ కొత్త తాడు ఒంటరి వేలు చూపించేటప్పుడే గట్టిగా లాగుతుంది."

ఇక్కడ వచ్చింది చిక్కు. మా నాన్న బడి పంతులు. మనుషుల వైపు వేలు చూపించడం మా ఇంట్లో బూతు మాటతో సమానం. ఎవరినైనా చూపించాలంటే అరచెయ్యి చాపాలి, లేదా గడ్డంతో సూచించాలి. చిన్నప్పుడు పొరపాటున వేలు చూపిస్తే నాన్న ఏమీ అనకుండా ఆ వేలు పట్టుకుని నెమ్మదిగా ముడిచేవారు. యాభై దాటిన మనిషిని, నాన్న పోయి చాలా కాలమైంది. అయినా ఈ పిల్ల నన్ను చూపించమంటుంటే నా చెయ్యి దానంతటదే విప్పారిపోతోంది.

"సరే, ఫ్యాన్ చూపించండి."

ఫ్యానుకీ చెయ్యే చాపాను. క్యాలెండరుకీ అంతే. ఒక్క వేలే ఎత్తాలని పట్టుబడితే మొత్తం చెయ్యి వణికేది. బొటనవేలు లేవలేదు. దాన్ని చూడొద్దంటే ఇంకా దాన్నే చూసేదాన్ని. లెమ్మని మనసులో దాన్నే తిట్టేదాన్ని. ఏ వేలిని తలుచుకోవాలి, ఏ వేలిని మర్చిపోవాలి, నా తల తిరిగిపోయేది.

అన్నం తిన్నాక మా ఆయన ఎదురుగా కూర్చునేవారు. "నన్ను చూపించు. ఏమీ అనుకోను."

"మీ వైపు వేలు చూపించమంటారా?"

"ఇన్నేళ్ళుగా మాటలతో చూపిస్తూనే ఉన్నావుగా. వేలితో అయితే ఏమైంది?"

నవ్వొచ్చింది గానీ వేలు రాలేదు. ఆయన నవ్వుతూనే లోపల భయపడుతున్నారని నాకు తెలుసు. అతుకు ఊడిందేమో అన్న మాట ఇద్దరి మధ్యా ఉంది, ఎవరమూ పైకి అనలేదు. డాక్టరు పరీక్షించి, అతుకు గట్టిగానే ఉందనిపిస్తోంది, ఇంకొన్నాళ్ళు చూద్దాం అన్నారు. చూడడానికి ఆయనకేం, రోజులు గడిచేది నాకు.

అక్టోబరు

దసరా ఆర్డర్లు. నేను షాపు ముందు గదిలో స్టూలు మీద కూర్చుని హుక్కుల పెట్టె సర్దుతున్నాను. విజయ మిషను మీద రాజేశ్వరి టీచర్ పట్టు జాకెట్టు కుడుతోంది. టీచర్ ఇచ్చిన ఆది జాకెట్టు పాతది, ఇప్పుడు కొంచెం ఒళ్ళు చేశానని ఆమే చెప్పింది. ఆ మాట నాతో చెప్పింది, విజయతో కాదు. మిషను ఆగకుండానే విజయ జాకెట్టు పైకెత్తి కనుబొమ్మలు ఎగరేసింది. ఎప్పటిలాగే నేనూ పని మధ్యలోనే సైగ చేసి, హుక్కుల్లో తల దూర్చాను.

రెండు రోజులకి టీచర్ జాకెట్టు పట్టుకుని వచ్చింది.

"ఏందమ్మా గిట్ల కుట్టిన్రు? చెయ్యి ఎక్కుతలేదు, ఊపిరి ఆడ్తలేదు."

"లూజు వదలలేదా విజయా? ఒక ఇంచు వదలమన్నాను కదా," అన్నాను.

"నువ్వే కానీయ్ అన్నవ్ గదా అక్కా. గీత మీదనే కుట్టిన."

"ఒక ఇంచు అన్నాను. ఈ వేలే చూపించాను."

"లే. బొటనేలు లేపినవ్. నా కండ్లతోని చూసిన."

"నా బొటనవేలు లేస్తే ఈ గోలంతా ఎందుకు..." అని, మాట సగంలో ఆపేశాను.

విజయ మిషను వదిలి నా ముందుకొచ్చింది. "మళ్ళ చూపియ్యి," అంది.

చెయ్యి ఎత్తాను. బొటనవేలి వంకే చూశాను. కదలలేదు.

"ఆగు, గట్ల కాదు," అని విజయ వెళ్ళి మిషను మీద కూర్చుంది. ఏదో పాత గుడ్డ పెట్టి గడగడా తొక్కింది. చప్పుడుతో గది నిండింది. తొక్కుతూనే టీచర్ జాకెట్టు పైకెత్తి, ఎప్పటిలాగే కనుబొమ్మలు ఎగరేసింది. నేను ఆమె ముఖం చూశాను. ఒక ఇంచు, అనుకున్నాను.

చూపుడు వేలు సగం లేచి బద్ధకంగా ఆగిపోయింది. దాని పక్కన బొటనవేలు నిలువునా లేచి నిలబడింది.

మిషను ఆగింది. విజయ కళ్ళ నిండా నీళ్ళు. నేను చెయ్యి దించడానికి కూడా భయపడి అలాగే పట్టుకుని కూర్చున్నాను. అది ఎవరినీ చూపించడం కాదు. గుడ్డ గురించి చెప్పడం. దానికి మా నాన్న అడ్డు రాలేదు.

"మరి నా జాకెట్టు సంగతేంది?" అంది టీచర్, మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ.

పక్కల లోపలి గుడ్డ కత్తిరించేశాక ఇక విప్పి వదులు చెయ్యడానికి లేదు. మిగిలిన ముక్కలోంచి పట్టీ తీసి చంక కింద వెయ్యాలి. విజయ ముక్క తెచ్చి బల్ల మీద పరిచింది. సుద్దతో గీత గీసింది. కత్తెర తీసి, తను పట్టుకోకుండా, పిడి నా వైపు తిప్పి పెట్టింది. నేను పట్టుకున్నాను. మూశాను. తెగింది. తర్వాత మనసులో ఒక ఇంచు అనుకున్నాను. కత్తెర తెరుచుకుంది. మూశాను. ఒక ఇంచు. తెరుచుకుంది. జానెడు పట్టీ కత్తిరించడానికి ఎంతసేపు పట్టిందో గానీ, టీచర్ ఓపిగ్గా నిలబడింది. గీత వంకర పోయింది. కుట్టులో కలిసిపోతుందిలే అంది విజయ.

ఇప్పుడు

క్రిస్మస్ జాకెట్లు నడుస్తున్నాయి. రోజులో సగం కటింగ్ నాది, సగం విజయది. మొత్తం నేనే చెయ్యగలనేమో గానీ అడగలేదు. ఆమెకూ ఆ పని ఇష్టమని నాకు కనబడుతోంది, అది నాకు ఇప్పటికీ కొంచెం గుచ్చుకుంటుంది. బొటనవేలు మునుపటంత ఎత్తుకి లేవదు. చలికి బిగుసుకుంటుంది. చాలాసార్లు ఇప్పుడు ఏమీ అనుకోకుండానే కత్తెర ఆడుతోంది, ఏ వేలిని అడుగుతున్నానో నాకే తెలియదు. అలసిపోయినప్పుడు మాత్రం మళ్ళీ ఒక ఇంచు, ఒక ఇంచు అని లోపల చెప్పుకోవాల్సి వస్తోంది.

ఇదంతా రాస్తున్నది, మణికట్టు పగిలి అతికిన వాళ్ళెవరికైనా ఒక రోజు బొటనవేలు లేవకపోతే, నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దని చెప్పడానికి. బల్ల మీద అరచెయ్యి పెట్టి ఎత్తి చూసుకోండి. కత్తెరకి సాన పట్టించకండి, ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఆపరేషనయ్యాక వేలు లేవకపోతే, అంతా అయిపోయిందని కూడా అనుకోకండి. ఆ వేలు మీ జీవితంలో ఏ పనికి అలవాటు పడిందో వెతకండి. అది వ్యాయామాల గదిలో దొరక్కపోవచ్చు.

మా షాపులో సైగలు మారాయి. చూపుడు వేలు ఎత్తితే బొటనవేలే ముందు లేస్తోంది కాబట్టి, గీత మీద కుట్టేయమనడానికి ఇప్పుడు తల ఊపుతున్నాను. బొటనవేలు ఎత్తితే ఒక ఇంచు వదలమని. మొన్న నేను వెనక గదిలో కత్తిరిస్తూ, కొత్త జాకెట్టుకి ఎంత వదలాలని విజయను కళ్ళతోనే అడిగాను. ఆమె వేళ్ళకి ఏ జబ్బూ లేదు, ఆమె చూపుడు వేలు ఎప్పటిలాగే నిటారుగా లేస్తుంది. మిషను తొక్కుతూనే ఆమె నా వైపు బొటనవేలు ఎత్తి చూపించింది.